మీ టౌన్‌లో లిక్కర్ స్టోర్ కోటా నిండిపోయిందా? మసాచుసెట్స్‌లో ఇంకో లైసెన్సు తెచ్చుకోవడం ఎలా

ఈ మధ్య ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు ప్లేటు పట్టుకుని పక్కకి లాగుతున్నారు, అన్నా ఫలానా ప్లాజాలో షాపు ఖాళీ అయింది, పార్కింగ్ బావుంది, పక్కనే దేశీ గ్రోసరీ కూడా ఉంది, లిక్కర్ స్టోర్ పెడదామనుకుంటున్నా, లైసెన్సుకి ఎంతవుద్దీ అని. ఎంతవుద్దో తర్వాత చూద్దాం గానీ అసలు ఆ టౌన్‌లో ఇవ్వడానికి లైసెన్సు మిగిలుందా అని అడిగితే మాత్రం అదేంటి, డబ్బులు కడితే ఇవ్వరా అన్నట్టు చూస్తారు.

మనకి మన ఊళ్ళ అలవాటు. 2024 అక్టోబర్‌లో ఆంధ్రాలో 3,396 షాపులకి లాటరీ తీస్తే, ఒక్కో అప్లికేషన్‌కి కట్టిన 2 లక్షలు తిరిగి రావని తెలిసి కూడా జనం దాదాపు 90 వేల అప్లికేషన్లు వేశారు. అక్కడ ఎన్ని షాపులో గవర్నమెంటే తేలుస్తుంది, డ్రా కూడా అదే తీస్తుంది, అదృష్టం ఉంటే తగులుద్ది. మసాచుసెట్స్‌లో డ్రా లేదు, ఒక్కో టౌన్‌కి జనాభాని బట్టి ఇన్నే లైసెన్సులు అని కోటా ఉంటుంది. ఇక్కడ కోటా నిండిన టౌన్‌లో ఇంకో షాపు రావాలంటే స్టేట్ అసెంబ్లీలో ఆ టౌన్ కోసం ప్రత్యేకంగా ఒక చట్టం పాసవ్వాలి, గవర్నర్ సంతకం పెట్టాలి. వినడానికి పెద్ద యవ్వారంలా ఉంటుంది గానీ ఇలాంటి బిల్లులు ఏటా వెళ్తూనే ఉంటాయి, పాసవుతూనే ఉంటాయి. మెలిక ఏంటంటే ఆ చట్టం మీరు అడిగితే రాదు, ఊరు అడగాలి. కాబట్టి మీ పని స్టేట్‌ని ఒప్పించడం కంటే ముందు ఊరిని ఒప్పించడం.

నేను లాయర్ని కాదు. మా తోడల్లుడి షాపు కోసం రెండేళ్ళు టౌన్ హాల్ చుట్టూ, స్టేట్ హౌస్ (అదే, ఇక్కడి అసెంబ్లీ భవనం) చుట్టూ తిరిగినవాణ్ణి, ఆ తిరుగుడులో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

ముందు కోటా లెక్క వేసుకోండి

రూల్ ఉన్నది స్టేట్ చట్టాల్లో 138వ చాప్టర్‌లో. సీసా కొని ఇంటికి పట్టుకెళ్ళే షాపుది సెక్షన్ 15 లైసెన్సు, దీన్నే ప్యాకేజ్ స్టోర్ అంటారు, ఇక్కడి లోకల్స్ ముద్దుగా ప్యాకీ అంటారు. రెస్టారెంట్లో గ్లాసులో పోసేది సెక్షన్ 12, దాని గొడవ వేరే. ఏ టౌన్‌కి ఎన్ని అనేది సెక్షన్ 17 చెప్తుంది, జనాభా ప్రతి 5,000కి ఒకటి, చివర్లో మిగిలిన ముక్కకి కూడా ఒకటి. అన్ని రకాల మందూ అమ్మే లైసెన్సులకి ఈ లెక్క, బీరూ వైనూ మాత్రమే అమ్మేవాటికి విడిగా ఇలాంటిదే ఇంకో లెక్క. జనాభా అంటే పదేళ్ళకోసారి వచ్చే ఫెడరల్ సెన్సస్‌లో ఉన్నది, నిన్నగాక మొన్న కట్టిన అపార్ట్‌మెంట్లలో ఎంతమంది దిగారనేది లెక్కలోకి రాదు.

ఈ ముక్క లెక్కలో తమాషా చూడండి. హాప్కింటన్‌లో, అదే బాస్టన్ మారథాన్ మొదలయ్యే ఊరు, 2010లో 14,925 మంది, అంటే 3. 2020లో 18,758 మంది, అంటే 4. వెస్ట్‌బరోలో 18,272 నుంచి 21,567కి పెరిగారు, 4 కాస్తా 5 అయింది. మనోళ్ళు అంతమంది ఉన్న ష్రూస్‌బరీలో 35,608 నుంచి 38,325కి పెరిగారు, అంటే 2,700 మంది పైనే కొత్తగా వచ్చారు, అయినా లెక్క ప్రకారం అప్పుడూ 8, ఇప్పుడూ 8. ఊరు పెరిగింది కదా ఒకటి ఖాళీ ఉంటుందిలే అని ఊహించుకోకండి. పాత స్పెషల్ చట్టాలతో వచ్చిన అదనపు లైసెన్సులు కూడా కొన్ని ఊళ్ళలో ఉంటాయి, అవి ఈ లెక్కకి బయట. అందుకని టౌన్ హాల్‌కి వెళ్ళి లైసెన్సులు చూసే క్లర్క్‌ని కోటా ఎంత, ఇచ్చినవి ఎన్ని, ఖాళీ ఉందా అని ఈ మూడూ సూటిగా అడగండి, చెప్తారు, అది పబ్లిక్ ఇన్ఫర్మేషనే.

ఖాళీ ఉందంటే మీరు అదృష్టవంతులు, మామూలు అప్లికేషన్ చాలు, కింద ఉన్న స్టేట్ హౌస్ కథంతా వదిలేయండి. లేకపోతే అమ్మకానికి పాత లైసెన్సు ఏదన్నా ఉందేమో కూడా అడిగి చూడండి, ఎందుకంటే ముసలాళ్ళు రిటైర్ అవుతూ షాపు అమ్మేస్తుంటారు, ఊరు ఒప్పుకుంటే ఆ లైసెన్సుని అదే టౌన్‌లో వేరే చోటికి మార్చుకోవచ్చు, పక్క టౌన్‌కి మాత్రం పోదు. డబ్బు ఎక్కువైనా ఇది దగ్గర దారి. ఇదీ కుదరకపోతేనే ముందుకి చదవండి.

మీ కాగితాలు మీరు చూసుకోండి

ఇది మనోళ్ళు ఎక్కువగా దెబ్బతినే చోటు కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్తా. సెక్షన్ 15 లైసెన్సు తీసుకునే కంపెనీకి డైరెక్టర్లు గానీ ఎల్ఎల్‌సీ అయితే మేనేజర్లు గానీ అందరూ అమెరికన్ సిటిజన్లు అయ్యుండాలి, అందులో సగానికి పైగా మసాచుసెట్స్‌లో నివాసం ఉండాలి, షాపు నడిపే లైసెన్సు మేనేజర్ కూడా సిటిజనే. గ్రీన్ కార్డు చాలదు. రెస్టారెంట్‌కైతే డైరెక్టర్లలో సగం మంది సిటిజన్లయితే సరిపోతుంది, ఆ రూల్ విని ఇక్కడా అంతే అనుకుని కంపెనీ రిజిస్టర్ చేసేసి తర్వాత తల పట్టుకున్నోళ్ళు ఉన్నారు.

సరే మా బావగారికి సిటిజన్‌షిప్ ఉంది, ఆయన పేరు పెట్టి నేను వెనక నుంచి నడిపిస్తా అంటారు చూడండి, ఆ ఆలోచన మొదట్లోనే తీసేయండి. ఆ షాపులో ఎవరికి డైరెక్టుగా గానీ ఇన్‌డైరెక్టుగా గానీ వాటా ఉందో, లాభంలో ఎవరికి భాగం పోతుందో అన్నీ అప్లికేషన్‌లో రాయాలి, వాళ్ళందరి క్రిమినల్ రికార్డు చెకింగ్ ఉంటుంది. పెట్టుబడి ఎక్కణ్ణించి వచ్చిందో కూడా కాగితాలు చూపించాలి. నలుగురు ఫ్రెండ్స్ తలా కొంత వేసుకోవడం, చేబదులు తీసుకోవడం, ఊళ్ళో పొలం అమ్మిన డబ్బు నాన్నగారు పంపడం, ఇవేవీ తప్పు కాదు, కాకపోతే ప్రతి దానికీ బ్యాంక్ స్టేట్‌మెంట్, లోన్ కాగితం, గిఫ్ట్ లెటర్ ఏదో ఒకటి ఉండాలి. పేరు దాచిన పార్ట్‌నర్ తర్వాత బయటపడితే లైసెన్సుకే ఎసరు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళు వాటా పెట్టే ముందు, కౌంటర్ వెనక నిలబడే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడుకోండి, అది ఈ లైసెన్సు కంటే పెద్ద విషయం.

లీజు మీద తొందరపడి సంతకం పెట్టొద్దు

మా తోడల్లుడు చేసిన తప్పు ఇదే. మంచి స్పాట్ పోతుందేమో అని ముందే ఐదేళ్ళ లీజు రాసేశాడు, బిల్లు స్టేట్ హౌస్‌లో పడుకున్నంత కాలం ఖాళీ షాపుకి నెలనెలా అద్దె కట్టాడు, మా మరదలు ఇప్పటికీ ఆ లెక్క ఎత్తితే ఊరుకోదు. మీరు మాత్రం లైసెన్సు చేతికి వచ్చాకే అద్దె మొదలవుతుంది, ఫలానా తేదీ లోపు రాకపోతే లీజు రద్దు అని రాయించుకోండి, ఓనర్ ఒప్పుకోకపోతే నెలకి కొంత ఇచ్చి ఆ చోటు పట్టిపెట్టుకునే ఆప్షన్ అగ్రిమెంట్ అన్నా అడగండి.

ఇంకో విషయం, ఇలా స్పెషల్ చట్టంతో వచ్చే లైసెన్సుకి మామూలుగా ఒక షరతు ఉంటుంది, ఆ అడ్రస్ నుంచి కదలడానికి లేదు. మనిషి మారొచ్చు, చోటు మారదు. అంటే లీజు అయిపోయిన రోజున జుట్టు మొత్తం బిల్డింగ్ ఓనర్ చేతిలో ఉంటుందన్నమాట, మీరు ఖాళీ చేస్తే లైసెన్సు టౌన్‌కి తిరిగి వెళ్ళిపోయి అదే చోట ఇంకొకళ్ళకి ఇస్తారు. కాబట్టి రెన్యువల్ ఆప్షన్లు పొడుగ్గా, అద్దె ఎంత పెరగాలో అంకెతో సహా మొదటి లీజులోనే రాయించుకోవాలి, తర్వాత అడిగితే కుదరదు.

సెలెక్ట్ బోర్డ్ దగ్గరికి

చాలా టౌన్లలో లైసెన్సులు ఇచ్చేది సెలెక్ట్ బోర్డే, అంటే ఊరిని నడపడానికి జనం ఎన్నుకున్న కమిటీ. సంఖ్య పెంచడం వాళ్ళ చేతిలోనూ లేదు, పైన ఉన్న ఏబీసీసీ అనే స్టేట్ ఆల్కహాల్ కమిషన్ చేతిలోనూ లేదు. మనోళ్ళు చాలామంది స్టేట్ పర్మిషన్ అనగానే ఏబీసీసీకి ఫోన్లు కొడుతుంటారు, వాళ్ళు ఉన్న కోటాలో వచ్చిన అప్లికేషన్‌ని ఓకే చేస్తారు తప్ప కోటా దాటించలేరు. ఆ అధికారం అసెంబ్లీది, 1966లో స్టేట్ రాజ్యాంగానికి వచ్చిన హోమ్ రూల్ సవరణ ప్రకారం ఒక్క ఊరికి సంబంధించిన చట్టం కావాలంటే మామూలుగా ఆ ఊరే ఓటేసి అడగాలి. అందుకే దీన్ని హోమ్ రూల్ పిటిషన్ అంటారు. బాస్టన్ అంతటి సిటీ కూడా ఇదే దారిలో పోయింది, 2024 సెప్టెంబర్‌లో గవర్నర్ హీలీ సంతకం పెట్టాకే అక్కడి రెస్టారెంట్లకీ బార్లకీ 225 కొత్త లైసెన్సులు వచ్చాయి.

ముందు టౌన్ అడ్మినిస్ట్రేటర్‌ని కలిసి విషయం చెప్పి, తర్వాత సెలెక్ట్ బోర్డ్ మీటింగ్ అజెండాలో పెట్టించుకోండి. వెళ్ళేటప్పుడు నాకు షాపు కావాలి అని వెళ్ళకండి, ఊరికి ఎందుకు కావాలో చెప్పండి, ఫలానా వైపు జనం ఒక సీసా కోసం పక్క టౌన్‌కి పోతున్నారు, ఆ ప్లాజా ఖాళీగా పడుంది, ఇన్ని ఉద్యోగాలు వస్తాయి, ఇలా. బోర్డు ఇష్టపడితే వాళ్ళే టౌన్ మీటింగ్‌కి, అంటే ఊరి ఓటర్లు కూర్చుని ఓటేసే సభకి, ఆర్టికల్ (ఓటుకి పెట్టే అంశం) పెడతారు. ఇష్టపడకపోయినా దారుంది, వార్షిక టౌన్ మీటింగ్ వారంట్‌లో (ఆ మీటింగ్‌లో ఓటుకొచ్చే ఆర్టికల్స్ లిస్టు) ఆర్టికల్ పెట్టించడానికి 10 మంది రిజిస్టర్డ్ ఓటర్ల సంతకాలు చాలు, స్పెషల్ టౌన్ మీటింగ్‌కైతే 100. సంతకాలు ఆ టౌన్ ఓటర్లవే కావాలి, గుడిలో కలిసిన వేరే ఊరి అంకుల్ సంతకం చెల్లదు. కొన్ని కొట్టేస్తారు కాబట్టి కావల్సిన దానికంటే ఎక్కువే పెట్టించండి. కానీ బోర్డుకి ఇష్టం లేకుండా వెళ్ళిన పిటిషన్ స్టేట్ హౌస్‌లో కూడా నడక నేర్చుకోదు, నా మాట విని వాళ్ళని ఒప్పించుకునే వెళ్ళండి. మీది సిటీ అయితే టౌన్ మీటింగ్ ఉండదు, సిటీ కౌన్సిల్ ఓటు, మేయర్ ఆమోదం ఉంటే సరి.

ఆర్టికల్‌లో బిల్లు మాటలు కూడా ఉంటాయి, టౌన్ లాయర్ రాస్తాడు, మీ లాయర్ చదవాలి. సెక్షన్ 17 ఏమన్నా సరే ఈ టౌన్ లైసెన్సింగ్ అథారిటీ ఫలానా అడ్రస్‌లో ఒక అదనపు లైసెన్సు ఇవ్వొచ్చు అన్నది అసలు వాక్యం. అడ్రస్ తప్పు లేకుండా ఉందా, మీ కంపెనీ పేరు పెడితే స్పెల్లింగ్ సరిగ్గా ఉందా, పాసైన రోజు నుంచే అమల్లోకి వస్తుంది అన్న లైను చివర్లో ఉందా చూసుకోండి, ఆ లైను లేకపోతే సంతకం అయ్యాక కూడా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. చిన్నచిన్న అక్షర దోషాలు తప్ప మిగతావి అసెంబ్లీ మార్చాలంటే సెలెక్ట్ బోర్డ్ ఒప్పుకోవాలి అని కూడా రాస్తుంటారు, అది మీకు మంచిదే.

టౌన్ మీటింగ్ రాత్రి

స్కూల్ జిమ్‌లో మడత కుర్చీలు వేసి ఊరంతా కూర్చుని బడ్జెట్ దగ్గర్నించి ఫైరింజన్ కొనడం దాకా చెయ్యెత్తి ఓటేసే మీటింగ్ ఇది. మన గ్రామసభ రాసినంతా నిజంగా జరిగితే ఇలాగే ఉండేదేమో. మామూలు మెజారిటీ చాలు. ఓటు మాత్రం ఆ టౌన్ రిజిస్టర్డ్ ఓటర్లకే, కొన్ని పెద్ద టౌన్లలో ఐతే ఎన్నికైన టౌన్ మీటింగ్ మెంబర్లకే. మీరు వేరే టౌన్‌లో ఉంటుంటే మాట్లాడ్డానికి కూడా పర్మిషన్ కావాలి, ముందు రోజే మీటింగ్ నడిపే మోడరేటర్‌కి చెప్పి పెట్టుకోండి. ఫైనాన్స్ కమిటీ అనో అడ్వైజరీ కమిటీ అనో ఒకటి ఉంటుంది, వాళ్ళ సిఫారసు చూసి ఓటేసేవాళ్ళు చాలామంది, అక్కడికి కూడా ముందే వెళ్ళి రండి.

వ్యతిరేకత ఎక్కణ్ణించి వస్తుందంటే, ఒకటి ఇప్పటికే ఉన్న షాపుల వాళ్ళు. కోటా చూసే కదా లక్షల డాలర్లు పోసి కొన్నాం, ఇప్పుడు ఊరికే ఇంకోటి ఇచ్చేస్తారా అంటారు, వాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది. అందులో మన గుజరాతీ పటేళ్ళో తెలుగోళ్ళో ఉండే ఛాన్సు కూడా ఎక్కువే, వాళ్ళు వారంట్‌లో చూసి తెలుసుకునే బదులు మీరే ముందు వెళ్ళి ఒక కాఫీ తాగి చెప్పండి, మీటింగ్‌లో కనీసం మైక్ పట్టుకోకుండా ఉంటారు.

రెండోది ఊరి జనం. స్కూలు దగ్గర, ట్రాఫిక్, వీటికంటే ఎక్కువగా వినిపించేది నిప్స్ గొడవ. నిప్ అంటే 50 ఎంఎల్ బుల్లి సీసా, మన క్వార్టర్‌లో మూడో వంతు కూడా ఉండదు, కార్లో తాగి కిటికీలోంచి పారేస్తారు, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా అవే. చెల్సీ లాంటి ఊళ్ళు వీటి అమ్మకాన్నే బ్యాన్ చేశాయి. మా తోడల్లుడు మీటింగ్‌లో లేచి నా షాపులో నిప్స్ అమ్మను, అది లైసెన్సు షరతుగా రాసుకోండి అన్నాడు, అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్న ముందు వరస ఆడవాళ్ళ మొహాలు కాస్త విచ్చుకున్నాయి. నిప్స్‌లో డబ్బులు బానే ఉంటాయి, నిజమే, కానీ షాపే లేకపోతే నిప్స్ ఎక్కడ అమ్ముతాం.

ఆడవాళ్ళ మాట తేలిగ్గా తీసుకోకండి. కేప్ ఆన్‌లో రాక్‌పోర్ట్ అని ఒక ఊరు, 1856లో హానా జంపర్ అనే 75 ఏళ్ళ కుట్టుపని చేసే ఆవిడ ఆడవాళ్ళని వెంటేసుకుని చేతి గొడ్డళ్ళతో రమ్ము పీపాలు పగలగొట్టించింది, ఆ ఊరి రెస్టారెంట్లో గ్లాసు వైన్ అడగడానికి 2005 దాకా ఆగాల్సొచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట సారా ఉద్యమం చూసిన మనకి ఇది కొత్తేం కాదు.

స్టేట్ హౌస్‌లో

ఓటు గెలిచాక టౌన్ క్లర్క్ సర్టిఫై చేసిన కాపీ మీ స్టేట్ రెప్ (మన ఎమ్మెల్యే లాంటివాళ్ళు) గానీ స్టేట్ సెనేటర్ గానీ ఆఫీసుకి వెళ్ళాలి, బిల్లు ఫైల్ చేసేది వాళ్ళే. ఈ పని టౌన్ వాళ్ళు చేస్తారు గానీ వారం తర్వాత ఫోన్ చేసి వెళ్ళిందా అని కనుక్కోండి, అల్మారాలో ఉండిపోయిన కాగితాల కథలు చాలా విన్నా. మామూలు బిల్లులకి బేసి సంవత్సరం జనవరిలో గడువు ఉంటుంది, ఊరు ఓటేసి పంపిన పిటిషన్‌కి ఆ ఇబ్బంది లేదు, ఎప్పుడైనా వేయొచ్చు.

బిల్లుకి నంబర్ పడి, మందు లైసెన్సులవి ఎక్కువగా కన్స్యూమర్ ప్రొటెక్షన్, ప్రొఫెషనల్ లైసెన్సింగ్ చూసే జాయింట్ కమిటీకి పోతాయి, అక్కడ హియరింగ్ ఉంటుంది. మీరు సూటేసుకుని వెళ్ళి పెద్ద స్పీచ్ ఇవ్వక్కర్లేదు, సెలెక్ట్ బోర్డ్ తరఫున ఒక లెటర్, మీ తరఫున ఒక పేజీ చాలు, రెప్ వచ్చి రెండు ముక్కలు చెప్తే ఇంకా మంచిది. తర్వాత హౌస్, సెనేట్ రెండిట్లో పాసవ్వాలి. ఇలాంటి చిన్న బిల్లులు ఎక్కువగా ఇన్‌ఫార్మల్ సెషన్లలో నడుస్తాయి, అంటే సభలో నలుగురైదుగురు ఉన్నప్పుడు చకచకా పాసయ్యేవి, ఐతే అక్కడ ఒక్క మెంబర్ అడ్డు చెప్పినా ఆగిపోతుంది. ఊళ్ళో పాత షాపు ఓనర్‌తో కాఫీ తాగమన్నది ఇందుకు కూడా. చివరికి గవర్నర్ దగ్గరికి, ఆవిడకి 10 రోజుల టైం.

మొత్తం ఎంత కాలం అంటే ఆరు నెలల్లో అయినవీ ఉన్నాయి, ఏడాదిన్నర లాగినవీ ఉన్నాయి. సెషన్ రెండేళ్ళది, సరి సంవత్సరం అయిపోయి కొత్త సభ వచ్చే లోపు పాసవ్వకపోతే బిల్లు చచ్చిపోయినట్టే, మళ్ళీ వేయించుకోవాలి. అందుకే కుదిరితే బేసి సంవత్సరం వసంతంలో జరిగే టౌన్ మీటింగ్‌కే ఆర్టికల్ పడేట్టు చూసుకోండి, చేతిలో ఎక్కువ కాలం ఉంటుంది. నెలకోసారి రెప్ ఆఫీసులో పనులు చూసే ఎయిడ్‌కి మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టండి, వారానికోసారి పెడితే విసుక్కుంటారు.

చట్టం వచ్చింది, లైసెన్సు ఇంకా రాలేదు

ఇది చాలామంది మర్చిపోతారు. చట్టం టౌన్‌కి ఇవ్వొచ్చు అనే అధికారం ఇచ్చింది అంతే, ఇప్పుడు మామూలు అప్లికేషన్ మొదలు. ఏబీసీసీ ఫారాలు, 200 డాలర్ల ఫీజు, కంపెనీ కాగితాలు, లీజు, ఫ్లోర్ ప్లాన్, పైన చెప్పిన డబ్బు కాగితాలు అన్నీ టౌన్‌కి ఇస్తే పేపర్లో ప్రకటన వేస్తారు, చుట్టుపక్కల ఆస్తుల వాళ్ళకి మీరు పోస్టులో నోటీసు పంపాలి, 500 అడుగుల లోపు స్కూలు గానీ చర్చి గానీ ఉంటే వాళ్ళకి కూడా, దాని వల్ల ఇబ్బంది లేదని బోర్డు విడిగా తేల్చాలి. పబ్లిక్ హియరింగ్ అయ్యి బోర్డు ఓకే అంటే ఫైలు ఏబీసీసీకి వెళ్తుంది, వాళ్ళు చూసి ఆమోదించాకే టౌన్ లైసెన్సు కాగితం ఇస్తుంది. మీ పార్ట్‌నర్లలో ఎవరికన్నా వేరే షాపుల్లో వాటాలుంటే ఒక మనిషికి స్టేట్ మొత్తంలో 9 సెక్షన్ 15 లైసెన్సులే అన్న లిమిట్ కూడా చూస్తారు, దాన్ని పెంచుదామని 2022లో బ్యాలెట్ మీద పెడితే జనం ఓడించారు.

కాగితం చేతికి వచ్చేదాకా సరుకు ఆర్డర్ పెట్టకండి, హోల్‌సేలర్లు ఎలాగూ లైసెన్సు నంబర్ లేకుండా ఇవ్వరు. లైసెన్సు ఏ నెలలో వచ్చినా డిసెంబర్ 31తో అయిపోతుంది, రెన్యువల్ నవంబర్‌లో. మాకు అక్టోబర్ చివర్లో వచ్చింది, షెల్ఫులు బిగించడం కూడా పూర్తి కాకముందే రెన్యువల్ ఫారం వచ్చి పడింది, రెండు నెలలకి ఒక ఫీజు, మళ్ళీ ఏడాదికి ఒక ఫీజు. మీకు కూడా ఏడాది చివర్లో పడేట్టు ఉంటే మొదటి ఫీజు ఎన్ని నెలలకి వేస్తారో హియరింగ్ రోజే క్లర్క్‌ని అడిగేయండి.